ఒకే బ్యాచ్ డిస్కులు నాలుగు

ఆయన అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. అందరికీ బ్యాచ్ బాబాయే. ఫిల్ము కొన్నా, ఫొటో కాగితం కొన్నా, చివరికి గోడలకు రంగు కొన్నా, డబ్బా తిరగేసి బ్యాచ్ నంబరు చూడనిదే సంచీలో వేసుకోడు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోనీ, ఫిల్ము రోజుల్లో ఆ పట్టింపు న్యాయమైనదే. ఒక పెళ్ళికి పది రోల్సు కావాలంటే పదీ ఒకే బ్యాచ్‌వి కావాలి. లేకపోతే మొదటి రోల్లో ఎర్రగా బుర్రగా ఉన్న పెళ్ళికూతురు ఆఖరి రోల్లో పచ్చకామెర్లు వచ్చినదానిలా తేలుతుంది. ఆ పాఠం ఆయనకు నేర్పింది అక్క.

స్టూడియో పెట్టింది అక్క భర్త. ఆయన పోయి పాతికేళ్ళు దాటింది. అప్పటినుంచీ డార్క్‌రూమ్‌లో అక్క, కెమెరా వెనక తమ్ముడు, అలా నెట్టుకొచ్చారు. ఊళ్ళో అందరి మొహాలూ తీసిన బావకు తన మొహం తీయించుకునే తీరిక ఎప్పుడుండేది కనుక? ఆయన ఫొటోలు ఉన్నవల్లా ఒక్క రోలు. ఒక మధ్యాహ్నం గిరాకీ లేక అక్క సరదాపడి తీసింది. అందులోంచి వేసిన ప్రింటు కౌంటరు వెనక గోడమీద ఎండ తగిలి తగిలి వెలిసిపోయింది. ఇప్పుడందులో చొక్కా కాలరూ రెండు చెవులూ మిగిలాయి. మధ్యలో మొహం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది.

పాత నెగటివ్‌లు పుల్లటి వాసన కొట్టి, వంకర్లు తిరగడం మొదలెట్టాక అక్క స్కానర్ ముందు కూర్చుంది. ఆరేళ్ళు కూర్చుంది. ఒక్కొక్క ముక్కా తుడిచి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఎక్కించినవాటిని ఎక్కించినట్టే పారేశారు, ఆ తెగులు పక్క డబ్బాలకూ అంటుకుంటుందని. బావ రోలు కూడా అలాగే పోయింది. అదీ ఇదీ అని లేదు, ఇప్పుడంతా వెనకగదిలోని సర్వర్‌లోనే. అక్క దాన్ని పెట్టె అంటుంది. సర్వర్ అంటే హోటల్లో ప్లేట్లు తెచ్చేవాడు గుర్తొస్తాడట.

ఆ పెట్టెలో ఒకదానికొకటి నకలుగా ఉన్న రెండు డిస్కుల్లో ఒకటి ఒకరోజు పడుకుంది. రెండోదాని ఊపిరి ఆగేలోగా కొత్తవి కొనాలని బాబాయి కంప్యూటర్ల దుకాణానికి పరిగెత్తాడు.

"కొత్తవైతే రెండొస్తాయి బాబాయ్" అన్నాడు దుకాణదారు. "అదే డబ్బుకి రిఫర్బిష్డ్ నాలుగిస్తా. ఏదో ఆఫీసులో వాడి తీసేసినవి. తుడిచి, పరీక్షలన్నీ చేసి అమ్ముతున్నారు. నాలుగేశారనుకోండి, చోటుకి చోటు. పైగా ఒకటి పోయినా మిగతా మూడూ కలిసి దాని సరుకు నిలబెడతాయి."

"రెండు పోతే?"

"రెండెందుకు పోతాయండీ!"

"ఎన్నాళ్ళు తిరిగాయివి?"

"లెక్క సున్నా చూపిస్తోంది."

"సున్నా అయితే ఈ స్క్రూల తలలు ఇలా అరిగిపోయాయేం?"

దుకాణదారు గుడ్డ అందుకున్నాడు. శుభ్రంగా ఉన్న కౌంటరునే మళ్ళీ తుడిచాడు. అప్పుడు లేచొచ్చేసి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కానీ అలవాటు ఊరుకోనిస్తుందా? బాబాయి నాలుగింటినీ తిరగేసి వరసగా పేర్చాడు. తయారైన తేదీ ఒకటే. నంబర్ల చివర నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు, నలభై నాలుగు. ఒక్కటైనా తప్పలేదు. అన్నేళ్ళ ఫిల్ము కొనుగోళ్ళలో కూడా అంత చక్కటి వరస ఆయనకు దొరకలేదు. ప్రాణం లేచొచ్చింది.

కొనేముందు మేనకోడలికి ఫోను చేశాడు. అక్క కూతురు, వేరే ఊళ్ళో కంప్యూటర్ల ఉద్యోగం.

"వద్దు మావయ్యా. కొత్తవి రెండు తీసుకో. అవి కూడా రెండు వేరువేరు దుకాణాల్లో తీసుకో. ఒకేసారి పుట్టి, ఒకేచోట, అన్నే ఏళ్ళు తిరిగినవి ఒకేసారి పోతాయి."

"నువ్వు పాలసీసా పట్టుకుని తిరిగేనాటికే నేను బ్యాచులు చూస్తున్నానే తల్లీ!"

"ఫిల్ము వేరు, డిస్కు వేరు."

"సరుకేదైనా సరుకే."

"సరే నీ ఇష్టం. ఆ పాత డిస్కు ఒక్కటి మాత్రం దాచు. బయట ఇంకో కాపీ ఉండాలి."

దాచాడా? లేదు. కాపీ అయిపోగానే దాన్ని తుడిచి దుకాణదారుకు మార్పిడిలో ఇచ్చేశాడు. అంత మొండితనం దేనికో ఆయన్నే అడగాలి.

నాలుగు డిస్కులూ బిగించి మీట నొక్కితే ఒక్కటే హోరు. అక్క గుమ్మం దగ్గర నిలబడి వింది. "నాలుగూ ఒకే గొంతుతో పాడుతున్నాయిరా."

"ఒకే బ్యాచ్ అక్కా."

"అదీ! నా శిష్యుడివి అనిపించావు."

ఏడు నెలలు ఏ గొడవా లేదు. ఈలోగా స్టూడియోకి యాభయ్యేళ్ళు నిండే రోజు దగ్గరపడింది. ఆ ఆదివారానికి గోడమీది వెలిసిన ప్రింటు తీసేసి బావ ఫొటో పెద్దది పెట్టాలని అక్క పట్టుదల. రెండు మూరల ఫ్రేము చేయించింది. "ప్రింటు వేశావట్రా?" అని రోజూ అడగడం, "పెట్టెలో భద్రంగా ఉంది కదక్కా, ఎంతసేపు పని!" అని ఈయన దాటవేయడం. వారం అలాగే గడిచింది.

శుక్రవారం పొద్దున్న వెనకగదిలో టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది. నలభై మూడో నంబరు డిస్కు పోయింది. బాబాయి కంగారుపడలేదు. మూడున్నాయిగా! దుకాణానికెళ్ళి ఇంకొకటి అడిగాడు. దుకాణదారు ఆయన మొహం చూడకుండా అలమర తెరిచాడు.

"మిగతా మూడూ ఎలా ఉన్నాయి బాబాయ్?"

"రాయిలా ఉన్నాయి. ఎందుకూ?"

"ఏం లేదు. మీ డిస్కులతోపాటు వచ్చిన సరుకులోవే కొన్న ఇంకొకాయన మొన్న ఇదే పనిమీద వచ్చాడు. అంతకుముందు వారం ఇంకొకాయన."

బాబాయి డిస్కు అందుకుని పరుగుతీశాడు. స్టూడియో చేరి కొత్త డిస్కును పెట్టెలోకి తోశాడు. మిగిలిన మూడింటినీ మూలమూలా చదివి నాలుగోదాన్ని నింపడం మొదలైంది. తెరమీద శాతం కదులుతోంది. ఎనిమిది. ఇరవై. నలభై. మూడు డిస్కులూ చెయ్యి పెట్టలేనంత కాలుతున్నాయి. ముందు బావ రోలు బయటికి తీసుకుని, తర్వాత ఈ పని మొదలెట్టాల్సిందని ఆయనకు యాభై ఒకటో శాతం దగ్గర తట్టింది. పెన్‌డ్రైవ్ కోసం సొరుగు వెతుకుతుంటే వెనకనుంచి వినిపించింది, టిక్కని.

గబగబా బావ రోలు తెరిచాడు. ముప్ఫై ఆరు ఫొటోలు. మొదటిది బూడిదరంగు పలక. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పదకొండోది మాత్రం పైనుంచి కొద్దికొద్దిగా దిగడం మొదలెట్టింది. నొక్కి దువ్విన జుట్టు. పాపిడి. నుదురు. "రా బావా, రా, ఇంకొంచెం" అని పైకే బతిమాలాడు. కనుబొమలు వచ్చాయి. అక్కడితో ఆగింది.

టిక్కు, టిక్కు. ఇప్పుడు రెండు చోట్లనుంచి. శాతం యాభై ఎనిమిది మీద నిలిచిపోయింది. ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఆ తర్వాత తెరమీద రోలు లేదు, పేర్లు లేవు, అక్క ఆరేళ్ళూ లేవు.

చెప్పులు ఈడ్చుకుంటూ అక్క వచ్చింది. తుడిచిన ఫ్రేమును రెండు చేతులా గుండెకు ఆనించుకుని మోస్తోంది. అద్దం వెనక తెల్ల అట్ట.

"ఏదో చప్పుడవుతోందేంట్రా?"

ఆయన తెరకు అడ్డంగా నిలబడ్డాడు. "ఒక డిస్కు పోయిందక్కా."

"ఓస్, అంతేనా! ఒకటి పోతే మిగతావి ఆదుకుంటాయన్నావుగా." ఫ్రేమును గోడకు ఆనించి, ఊపిరి తీసుకుని అడిగింది. "అన్నీ ఒకే బ్యాచ్ చూసే కొన్నావు కదా?"

"చూసే కొన్నానక్కా."

"మరింకేం భయం" అని, కొంగుతో అద్దం మీది తన వేలిముద్రలు తుడవడం మొదలెట్టింది.