పోలమ్మ మింగిన గ్రంథులు

అది 1963 వానాకాలం. నెల్లూరు దగ్గర ఒక చేపల క్షేత్రంలో నేను పరిశోధకురాలిగా చేరి అప్పటికి ఏడాది దాటింది. బొచ్చె, శీలావతి లాంటి చేపలు ఏటి వరదలో గుడ్లు పెడతాయి గానీ చెరువులో ఎంత మేపినా పెట్టవు. పొట్టనిండా గుడ్లతో అలాగే తిరుగుతుంటాయి. గుడ్లు విడవమని ఒంటికి కబురు పంపేది మెదడు కింద అంటుకుని ఉండే పిట్యూటరీ అనే గింజంత గ్రంథి. మరో చేప తలలోంచి ఆ గ్రంథి తీసి, నూరి, ఇంజెక్షన్‌గా ఎక్కించి, ఆడచేపనీ మగచేపలనీ హాపాలో, అంటే నీళ్లలో కట్టిన పల్చటి గుడ్డ తొట్టిలో, వదిలితే తెల్లారేసరికి గుడ్లు. మన దేశంలో అప్పటికది కొత్త విద్య.

గ్రంథులు కావాలంటే తలకాయలు కావాలి. పులుసులో తలకాయ కోసం ఇళ్లలో పోట్లాటలు జరిగే నెల్లూరులో అవి అడిగి తెచ్చుకోవడం మాటలు కాదు. మమ్మల్ని ఆదుకున్నది పోలమ్మ. పుట్టిల్లు మైపాడు, నెల్లూరు మార్కెట్లో చేపలు అమ్మేది. తలకాయలు మా దగ్గరికి తెచ్చి, మేం గ్రంథి తీసుకున్నాక పట్టుకెళ్లి అమ్ముకునేది. నా చేతిలో సిరంజి చూసి డాక్టరమ్మా అని పిలిచేది. కాదని చెప్పీ చెప్పీ విసిగి ఊరుకున్నాను.

ఉన్నట్టుండి తలకాయలు పైన చెక్కేసి రావడం మొదలైంది. "మీకు పని తగ్గుతాదని నేనే కోసినా" అంది పోలమ్మ. లోపల వెతికితే మెదడు ఉంది, గ్రంథి లేదు. మరుసటి రోజూ అంతే. సీజను దాటిపోతోంది. నాకు ఒళ్లు మండిపోయి, ఆమెను పక్కకు పిలిచి గట్టిగానే అడిగాను.

"తేనెలో కలిపి మింగినా డాక్టరమ్మా" అంది తల వంచుకుని. "గొడ్డు చేప చేత గుడ్లు పెట్టించే మందు గదా. పెళ్లయి ఇన్నేళ్లయినా నా కడుపు పండలేదు. మా అత్త కావలి కాడ ఇంకో పిల్లని చూసింది. వచ్చే నెల్లో తాంబూలాలంట. నన్ను మైపాడు పంపిచ్చేస్తారు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మింగితే అది చేపముక్క అరిగినట్టే కడుపులో అరిగిపోతుందని చెప్పాను. "అయితే సూదే ఎయ్యండి" అని నా చెయ్యి పట్టుకుంది. చేపది మనిషికి ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుందన్నాను. చెయ్యి వదల్లేదు. చివరికి అడిగాను, "మీ ఆయనకి పరీక్ష చేయించారా?"

"మగోళ్లకి పరీక్షేంది తల్లీ!" అని నవ్వేసింది.

గట్టుకు తీసుకెళ్లాను. అక్కడ మావాళ్లు హాపాలోకి మగచేపలను ఏరుతున్నారు. ఒక్కొక్కదాని పొట్ట మెల్లగా నొక్కితే తెల్లగా పాలలాంటి వీర్యం రావాలి. రాకపోతే దాన్ని తిరిగి చెరువులో వదిలేస్తారు. "ఇది సరిగా లేకపోతే ఆడచేపకి ఎన్ని సూదులు వేసినా వృథా" అన్నాను. పోలమ్మ చాలాసేపు చూస్తూ నిలబడింది. ఈసారి నవ్వలేదు.

ఆ వారమే ఆమెను ఊళ్లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నెలనెలా సక్రమంగానే వస్తోంది, పోలమ్మలో ఏ లోపమూ కనిపించడం లేదు, భర్తను పంపమని ఆ డాక్టరు చెప్పింది. బయటికొచ్చాక పోలమ్మ నన్ను గుచ్చి గుచ్చి అడిగింది. "అయితే నా తలకాయలో ఆ గింజ బాగుండాదా?"

"బాగానే ఉంది."

నడిరోడ్డు మీద కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

తాంబూలాల నాడు ఏం జరిగిందో తనే వచ్చి చెప్పింది. "పిల్లనిచ్చేవాళ్ల ముందరే అనేసినా. ముందు ఈయన్ని డాక్టరుకి చూపీండి, బాగుండాడంటే నేనే దగ్గరుండి పెళ్లి చేస్తా అని. మా అత్త కొట్టవచ్చింది. ఆ పిల్ల నాయిన మాత్రం లేచి, చూపిచ్చుకోనే రాండి, అప్పుడు మాట్లాడదాం అని ఎళ్లిపోయినాడు."

అతను వెళ్లలేదు. సంబంధం అలాగే ఆగిపోయింది. పోలమ్మ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. రెండో పెళ్లికి సిద్ధపడ్డ మనిషి ఆసుపత్రి గడప తొక్కడానికి ఎందుకు జంకాలి అని అతన్ని మనసులో నేను తిట్టని తిట్టు లేదు.

మరుసటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఒకాయన తలగుడ్డ చేతిలో నలుపుతూ నిలబడి ఉన్నాడు. పోలమ్మ మొగుడు. లోపలికి రమ్మంటే రాలేదు. నేల చూస్తూ అన్నాడు. "ఆస్పత్రికి పోదామనుకుంటాండా. ఒక్కణ్ణీ పోయేదానికి భయంగా ఉండాదమ్మా. మీవాళ్లు ఎవరన్నా తోడొస్తారా?"

మా పెద్ద అసిస్టెంటును తోడిచ్చి పంపాను. ఫలితం ఏమొచ్చిందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. గ్రంథులు, మోతాదులు అంటూ ఎన్నో వ్యాసాలు రాశాను గానీ, ఆడదాన్ని నిందించే నోళ్ల వెనక ఇంత భయం దాక్కుని ఉంటుందని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఆ తర్వాత చేపలకేసే సూది సంగతి విని, పిల్లల కోసం నన్ను వెతుక్కుంటూ ఏ ఆడమనిషి వచ్చినా ఊరికే సూది లేదని చెప్పి పంపెయ్యలేదు. మీ ఆయన్నీ తీసుకురా, భయపడొద్దని చెప్పు అనేదాన్ని.