నూలు దిగకూడని నీళ్ళు

మా ఇంట్లో అందరూ కలిసి ఒక చోటికి పోవాలంటే పెళ్ళైనా కావాలి, చావైనా కావాలి. ఊరికే సరదాకి పోదామంటే ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొస్తుంది. అందుకే మొన్నటి ఎండాకాలంలో, చెన్నై దారిలో ఉన్న నీళ్ళ పార్కుకు పోదామని వాట్సాప్‌లో మా ఇంటి గ్రూపులో పెట్టినప్పుడే ఇది తేలే వ్యవహారం కాదనుకున్నాను. మా అన్న మాత్రం ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ క్షణమే వ్యాను మాట్లాడేశానని జవాబు పెట్టాడు. అప్పటికి ఎవరూ తేదీ అన్నా అనుకోలేదు.

నేను పట్టాభిరామ్‌లో ఉంటాను. రోజూ లోకల్ రైలెక్కి చెన్నైకి పోయి ఉద్యోగం చేసుకుని వస్తాను. అమ్మ, నాయన, అన్న తిరుత్తణి దగ్గర పొదటూరుపేటలో ఉంటారు. మాది నేతపని ఇల్లు. అన్న మరమగ్గాలు పెట్టుకున్నాడు గానీ, నాయన ఇప్పటికీ నడవలో ఉన్న చేతిమగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నూలు చీరలే నేస్తాడు. అమ్మ పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి అందిస్తుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి తోడు ఆఫీసులో పదిమందికి పనులు పంచిపెట్టే ఉద్యోగం. నేను ఊరికి పోయి చెప్పులు విడవకముందే అన్న "మేనేజరమ్మ వచ్చింది, అందరూ లేసి నిలబడండి" అంటాడు.

ఆ శనివారం పాపతో ఊరికి పోయి, చెప్పులు విడవకుండానే తేదీ గురించి అడిగాను. మంగళవారం ప్రయాణానికి అమ్మ ఒప్పుకోదు. శుక్రవారం అసలే ఒప్పుకోదు. ఆదివారం పోతే నీళ్ళకంటే జనమే ఎక్కువ కనిపిస్తారు. పోనీ ఎండలు తగ్గాక జులైలో, ఆడి నెల వస్తుంది కదా, అప్పుడు చూద్దామన్నాడు అన్న.

"ఆడిలో యాడ కుదురుతుంది? పెరియపాళయంలో అమ్మోరికి పొంగలి పెట్టల్ల, తిరుత్తణికి కావిడి ఎత్తల్ల. ఇంగ నీ నీళ్ళ పార్కులో దేవుడు యాడుండాడు?" అంది అమ్మ.

అలా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటూ పోగా చివరికి ఒక బుధవారం మిగిలింది, అదీ మే నెల కత్తిరి ఎండల నడిమధ్యలో. లోపలికి బయటి తిండి రానివ్వరని చెప్పాను. అయితే గేటు ముందే వ్యానులో కూర్చుని పులిహోర తినేసి పోదామని అమ్మ తీర్మానించింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. మా ఇంట్లో ప్రయాణం మానినా మానతారు గానీ పులిహోర మానరు.

మా పాప ఏడో తరగతి. తన ఫోనులో ఆ పార్కు వీడియో ఒకటి అమ్మకు చూపించింది. పెద్ద కొలనులో గంట మోగగానే అలలు లేస్తాయి, జనం కేకలు పెడుతూ ఎగురుతారు. అమ్మ రాట్నం ఆపి ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ వేయించుకుంది.

"అవ్వా, నువ్వూ దిగుతావా?" అంది పాప ఎగతాళిగా.

"దిగకుండా? మీ మూటలు కాయడానికా నేను వచ్చేది? ఆ అలలో గొంతు దాకా నిలబడల్ల నేను."

అమ్మ తనకు ఫలానాది కావాలని అడగడం నేను విన్నది తక్కువ. మెరీనా బీచిలో నిలబడ్డావు కదా అన్నాను.

"అది చీలమండల దాకా. చీర తడిస్తే బస్సులో ఎట్ట వచ్చేదని మీ నాయన చెయ్యి పట్టుకోని గట్టుకి ఈడ్చేసినాడు. ఆ పొద్దు నుంచి నాకు మనసులోనే ఉండాది" అంది అమ్మ. మగ్గం మీద నాయన ఏమీ విననట్టు పోగుల మధ్య నాడెను అటూ ఇటూ విసురుతూనే ఉన్నాడు.

ఈ విడత అమ్మను గొంతు దాకా ముంచి తీరాల్సిందే అని అప్పుడే మనసులో గట్టిగా అనుకున్నాను.

తర్వాత పాప ఆ పార్కు నియమాలు చదవడం మొదలుపెట్టింది. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అరవంలో చదువుకుని మాకు తెలుగులో చెబుతూ పోయింది. నగలు కూడవంట. నూనె పూసుకోకూడదంట. చీరలు, పంచెలు, లుంగీలు కూడవంట. అసలు నూలు గుడ్డే కూడదంట, నైలాను వేసుకుంటేనే నీళ్ళలోకి వదుల్తారంట.

అప్పుడు నాడె ఆగింది.

"నూలు కూడదా? ఎవుడు చెప్పింది?"

"రూలు తాతా. నూలు పోగులు ఊడిపోయి, నీళ్ళు శుభ్రం చేసే మిషన్‌లో ఇరుక్కుంటాయంట."

"నేను నేసింది ఊడదు" అన్నాడు నాయన.

మా నాయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. తాను నేసిన గుడ్డ మీద ఈగ వాలినా ఊరుకోడు. అప్పటికప్పుడు పెరట్లో రెండు బక్కెట్లలో నీళ్ళు పట్టాడు. ఒకదాంట్లో అమ్మ కోసం దాచిన కొత్త చీర ముంచాడు, రెండోదాంట్లో మా వదిన నైలాను నైటీ. వదిన నైటీకి ఇంత గౌరవం దక్కడం అదే మొదటిసారి. మేమంతా చుట్టూ నిలబడ్డాం. కాసేపటికి చీర బక్కెట్లో నీళ్ళు తెల్లగా చిక్కబడ్డాయి.

"అది గంజి. గంజి పెట్టకుండా ఎవుడు నేస్తాడు?" అని నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టాడు నాయన. ఈసారి పాప వంటింట్లోంచి టీ వడకట్టే జల్లెడ తెచ్చి, ఆ నీళ్ళు అందులో పోసింది. జల్లెడ అడుగున నలకలు, నీలం పోగులు పిల్లి బొచ్చులా ముద్దగా పేరుకున్నాయి. నైటీ నీళ్ళు మాత్రం కొబ్బరి నీళ్ళంత తేటగా ఉన్నాయి. నాయన ఆ ముద్దను వేలితో తీసి, ఎండకు పెట్టి చూసి, లోపలికి పోయాడు. జల్లెడ పాడుచేశారని అమ్మ మమ్మల్ని తిట్టింది.

ఆ సాయంత్రం అమ్మను చాటుకు పిలిచి, నీకు నైలాను బట్టలు నేను కొనిస్తానన్నాను.

"వద్దు మే. మీ నాయన మొగం చిన్నబోతుంది. ఆయన చేత్తో ఇచ్చిన గుడ్డ తప్ప ఇంగోటి నా ఒంటి మీద చూసిండాడా? నేను గట్టున కూచుంటాలే. సుమ్మా ఏదో మాటకి అన్నా."

సుమ్మా అట, ఊరికే అట! ఊరికే అన్న మాట కాదని ఆమె కళ్ళే చెబుతున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది, అమ్మ మీద కాదు, ఆ "ఆయన చేత్తో ఇచ్చిన గుడ్డ" మీద.

ఆ గుడ్డ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. నాయన నేసిన చీరల్లో బాగున్నవన్నీ నూలిచ్చి నేయించుకునే సావుకారుకు పోతాయి. ఎక్కడో ఒక పోగు తెగో, రంగు జారో, సావుకారు వద్దని వెనక్కి పంపిన చీర ఉంటుంది చూడండి, అదే అమ్మకు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మకు కొత్త చీరంటే అదే. పండగ నాడు నాయన చేతికిస్తే, అమ్మ మడత విప్పకముందే అడిగే మాట ఒకటుంది.

"తప్పు యాడుండాది?"

నాయన తల దించుకుని, వేలు పెట్టి చూపిస్తాడు. తప్పు కొంగు మీద పడితే అమ్మ కొంగును లోపలికి దోపుకుంటుంది. నడుమ పడితే కుచ్చిళ్ళలో మడిచేస్తుంది. ఎక్కడున్నా బయటికి కనబడనివ్వదు. ఇరుగుపొరుగు వాళ్ళు "నీ మొగుడు నేసిన చీర ఎంత బాగుండాదో" అంటే ముసిముసిగా నవ్వుతుంది. నాకు ఉద్యోగం వచ్చాక కొనిచ్చిన చీరలేవీ కట్టుకోదు. బీరువాలో పెట్టి, పేరంటానికి వచ్చినవాళ్ళకు పెట్టి పంపించేస్తుంది. నాకు కోపం వచ్చిందంటే రాదా మరి?

పాపను సెలవులకని అక్కడే వదిలి పట్టాభిరామ్ వచ్చేశాను. ఆ వారమంతా గ్రూపులో ఏర్పాట్లు జోరుగా సాగాయి. అన్న వ్యాను సైజు రెండుసార్లు మార్చాడు. వదిన టిక్కెట్లు తీసింది. మా ఆయన ఒక్క బొటనవేలి గుర్తు పెట్టి, తన వంతు పని అయిపోయిందనుకున్నాడు. అమ్మ పెట్టిన వాయిస్ మెసేజిలో మాత్రం పులిహోర గురించి తప్ప నీళ్ళ గురించి ఒక్క మాటా లేదు.

మళ్ళీ శనివారం రైలు దిగేసరికి తిరుత్తణి స్టేషన్లో నాయన నిలబడి ఉన్నాడు. నన్ను పిలుచుకుపోవడానికి ఆయన ఎప్పుడూ రాడు. బస్సెక్కి రాలేనా నేను? ఏమైంది నాయనా అంటూ దగ్గరికి పరుగెత్తాను.

"ఏమీ లేదు. ఒక గుడ్డ చూడల్ల, రా" అని ముందు నడిచాడు.

బస్టాండు దారిలో ఉన్న ఒక బట్టల అంగట్లోకి పోయాం. కొండకు వచ్చే భక్తుల కోసం పసుపు పంచెలు బయట తోరణాల్లా కట్టి ఉన్నాయి. నాయన వాటి కింద తల వంచి లోపలికి దూరి, నీళ్ళ పార్కుకు వేసుకునే నైలాను బట్టలు, ఆడవాళ్ళవి, నిండా చేతులుండేవి చూపించమన్నాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నాయన అంగడికి పోయి గుడ్డ కొనడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

అంగడాయన సైజు అడిగాడు. నాయన నా వైపు చూశాడు. ఆయనకు చీర కొలత తెలుసు గానీ మనిషి కొలత తెలీదు, చీరకు దాని అవసరం లేదు. నేనే చెప్పాను. అంగడాయన ఒక కట్ట తీసి ముందు పరిచాడు. అక్కడ మొదలైంది నా తలనొప్పి.

నాయన ఒక్కో జతనూ వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. లోపలివైపు తిప్పాడు. కుట్లమ్మట బొటనవేలు నడిపించాడు. "ఈడ కుట్టు జారింది" అని ఒకటి పక్కన పెట్టాడు. "దీంట్లో పోగు లాగినారు" అని ఇంకోటి. మరోదానికి జిప్పు వంకరంట. అంగడాయన మొహం మాడిపోయింది.

"ఏమయ్యా పెద్దాయనా, నీళ్ళల్లో నానబెట్టే గుడ్డకి ఇంత చూపా? కల్యాణానికా ఇది?" అన్నాడు అరవంలో.

కొనడం ఇష్టం లేక వంకలు పెడుతున్నాడని నాకూ అనిపించింది. "నాయనా, కొంటే కొను, లేదంటే పోదాం. బస్సు పోతుంది" అని కసిరాను. ఆయన నా మాట పట్టించుకోలేదు. "ఇంగో కట్ట తీయి" అన్నాడు అంగడాయనతో. ఆ రెండో కట్టలో అడుగునుంచి ఒక ముదురు నీలం జత బయటికొచ్చింది. దాన్ని చూసిన చోటే మళ్ళీ మళ్ళీ చూశాడు. చివరికి మడతపెట్టి, "ఇది" అన్నాడు. బస్సులో ఆ సంచి ఒడిలోనే పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంట్లో అమ్మ చేతికి సంచి ఇచ్చి, "బుధవారానికి" అని మాత్రం అని మగ్గంలోకి దిగిపోయాడు. అమ్మ సంచిలోకి తొంగిచూసి, నా వైపు చూసి, గబగబా దాన్ని తీసుకుపోయి బీరువాలో పెట్టేసింది. ఆ రోజంతా అమ్మ వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. కూరలో మాత్రం ఉప్పు రెండుసార్లు పడింది.

బుధవారం రానే వచ్చింది. గేటు ముందు వ్యానులో పులిహోర తిన్నాం, లోపలికి పోయాం. పిల్లలు అప్పుడే నీళ్ళలో పడ్డారు. బట్టలు మార్చుకునే గదిలోంచి అందరూ బయటికి వచ్చారు గానీ అమ్మ రాలేదు. నేను తలుపు తట్టి, బతిమాలి, చివరికి మేనేజరమ్మలా గట్టిగా పిలిస్తే వచ్చింది. భుజాల మీదుగా తువ్వాలు కప్పుకుని, తల వంచుకుని నడుస్తోంది. జీవితంలో మొదటిసారి చీర లేకుండా పదిమంది మధ్యకు వచ్చింది మరి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుము దగ్గర తడుముకుంటోంది. నాయన అలల కొలను గట్టున, అమ్మ విడిచి వదిన చేత పంపిన నూలు చీరను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

అమ్మ పోయి ఆయన ముందు నిలబడింది. అంతమందిలో, అంత గోలలో, అలవాటు ప్రకారం అడిగింది.

"తప్పు యాడుండాది?"

నాయన తలెత్తి చూశాడు. ఈసారి దించుకోలేదు.

"లేదు."

"సరింగా చూడయ్యా."

"కట్టలు కట్టలు తీయించి చూసినా మే. దీంట్లో లేదు. పో, గంట కొడతా ఉండారు."

తిరుత్తణి అంగట్లో నేను విసుక్కున్నదంతా గుర్తొచ్చి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ మాత్రం నమ్మలేదు. ఒక చేయి చాపి చూసుకుంది, రెండో చేయి చూసుకుంది, అంచు తిప్పి చూసుకుంది. అప్పుడు తువ్వాలు తీసి నాయన ఒడిలో పడేసి, అప్పుడే గట్టుకు వచ్చిన పాప చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది. అల వచ్చి గొంతు దాకా ఎత్తింది. అమ్మ పెట్టిన కేక గట్టు మీద నాకు వినిపించింది.

నాయన కూర్చోలేకపోయాడు. చీర, తువ్వాలు చంకన పెట్టుకుని నీళ్ళ అంచు దాకా పోయి నిలబడ్డాడు. అల వచ్చి ఆయన పంచె తడిపింది. ఈల ఊదుకుంటూ కాపలా కుర్రాడు పరుగెత్తుకొచ్చి, నూలు పంచెతో దిగకూడదు, వెనక్కి రండి అన్నాడు. ఒక అడుగు వెనక్కేసి, మళ్ళీ ముందుకే పోయాడు నాయన. మళ్ళీ ఈల. మూడోసారి ఆ కుర్రాడు కోపంగా దగ్గరికి వస్తే, నాయన వాడి భుజం మీద చెయ్యి వేసి అలల్లో ఎగురుతున్న అమ్మను వేలు పెట్టి చూపించాడు.

"అదో, ఆ నీలం గుడ్డ చూసినావా? అది నేను తెచ్చినా. ఒక్క తప్పు లేదు."