ఛాతీ మీది టోకెను

మంగళవారం పొద్దున, బంగారు గని కాలనీ కోరమండల్‌లో మా వరుస చివరి ఇంట్లో ఉండే పెయింటర్ కన్నుమూశారని కబురు వచ్చింది. మంచివాడని ఇప్పుడు అందరూ అంటున్నారు. నేను ఆయన్ని తొమ్మిదేళ్లు అనుమానించాను. అది దాచిపెట్టి రాయలేను.

గని నడిచినన్నాళ్లు ఆయన అపాయం బోర్డులు, టోకెన్ల బోర్డు మీద అంకెలు రాసేవారు. గని మూతపడ్డాక పోయినవాళ్ల బొమ్మలు వేశారు. రానురాను అందరూ ఒకటే అడిగారు: సైనిక దుస్తులు, పతకాలు, వెనక జెండా. పాలు పోసినవాడూ, సైకిళ్లు బాగుచేసినవాడూ ఆయన చేతిలో సిపాయిలయ్యారు. ఈయనే ఎగదోస్తున్నాడని నా అనుమానం.

మా ఆయన చాంపియన్ రీఫ్స్‌లో ముప్పై రెండేళ్లు గనిలోకి దిగారు. ఆయన పోయాక, నరసాపురం ఫ్యాక్టరీలో పనిచేసే మా కొడుకు ఆయనకూ అటువంటి బొమ్మే వెయ్యమన్నాడు. తెలిసిన రోజే వెళ్లాను.

“ఏమప్పా, మా ఆయన మిలిట్రీలో ఎప్పుడు చేరినాడు? నాకు చెప్పకనే పోయినాడా?”

“మీ కొడుకే అడిగినాడమ్మా. దేశానికి బంగారం తీసినోడు సిపాయి కాదా అన్నాడు.”

“పోయిననాడు యాడ కప్పినారప్పా జెండా?”

“నవ్వితే ఏ పక్క ముడత పడేదమ్మా?” అని ఆయన అడిగారు. ఎవరి ముఖానికైనా ముందు అదే అడిగేవారు.

రోజూ వెళ్లి చూశాను. ముఖం మా ఆయనదే. ఛాతీ మీద మాత్రం ఒక ఇత్తడి బిళ్ల. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే 2716, ఆయన టోకెను నంబరు.

“పతకమైతే అబద్ధమవుతాదని ఇది పెట్టినానమ్మా.”

గనిలోకి దిగేవాడు టోకెను వెంట తీసుకెళ్లేవాడు. పైకి వచ్చాక బోర్డుకు తగిలించేవాడు. ఖాళీ కొక్కేల ముందు మేము ఎన్నిసార్లు నిలబడ్డామో.

“టోకెను ఒంటి మీదుంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు కదప్పా. బోర్డు రాసినోడివి, నువ్వే మరిస్తే ఎట్ల?”

కుంచె పక్కన పెట్టేశారు. “తప్పు చేసినానమ్మా. ఇంగ పైకి తెచ్చేస్తాను.”

జెండా చోట టోకెన్ల బోర్డు వచ్చింది, సైనిక దుస్తుల చోట చేతులు మడిచిన పాత చొక్కా. టోకెను కొక్కేనికి వేలాడింది. మా కొడుకు అలిగాడు. మరి తక్కినవాళ్లను ఎందుకు సిపాయిలను చేశావని అడిగితే, “వాళ్లిండ్లల్లో మీరు లేరు గదమ్మా” అన్నారు. నా అనుమానం తగ్గింది, పూర్తిగా పోలేదు.

మంగళవారం చూడబోతే గుమ్మం ముందు ఫ్లెక్స్ కట్టి ఉంది. ఎవరో సైనికుడి ఒంటికి ఆయన తల అతికించారు. వెనక జెండా. తెల్ల గ్లవుజు చెయ్యి సెల్యూట్ చేస్తోంది.

“బాగుండాదా అవ్వా?” అని ఆయన కూతురు అడిగింది.

“మీ నాయన చెయ్యి కాదమ్మా అది,” అన్నాను.

లోపల చాప మీద, కప్పిన గుడ్డలోంచి ఆయన కుడిచెయ్యి కొంచెం బయటికి ఉంది. ఎంత కడిగినా పోలేదేమో, గోళ్ల అంచున ఎర్ర రంగు.