సెంటర్లో ముగ్గు పోసిన రోజు

మా ఊళ్ళో సెంటరు అంటే నాలుగు రోడ్లు కలిసే చోట, పాత బస్టాండు పడగొట్టాక మిగిలిన ఖాళీ స్థలం. ఒక పక్క టీ కొట్టు, రెండు పక్కల పురుగుమందుల షాపులు, మధ్యలో మట్టినేల. దాన్ని బాగుచేయాలని మున్సిపాలిటీవాళ్ళు అనుకున్నప్పుడు, అక్కడ ఏం కావాలో జనాన్ని అడిగి రాసుకొచ్చే పని నాకు అప్పగించారు. నేను వార్డు సచివాలయంలో ప్లానింగ్ పని చూస్తాను.

ఉద్యోగంలో చేరి రెండేళ్ళయినా, తెలియని మనిషిని ఆపి మాట్లాడించాలంటే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. రాయడం తేలిక. డైరీలో పేజీలు పేజీలు రాస్తాను. కానీ నాలుగు మాటలు పైకి అనాలంటే ముందు మనసులో రెండుసార్లు చదువుకోవాలి. అందుకే ఆ పనికి పగలు పదకొండు గంటల వేళ ఎంచుకున్నాను. అప్పుడు సెంటర్లో జనం పలచగా ఉంటారు.

షాపులవాళ్ళు ఫౌంటెన్ అడిగారు. పచ్చగడ్డి, చుట్టూ రైలింగు, గేటు, రంగు లైట్లు అడిగారు. ఒకాయన ఊరి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో పెట్టించమన్నాడు, ఫొటోలు దిగడానికి. అన్నీ రాసుకున్నాను. "స్థలం ప్రస్తుత వాడకం" అన్న గడిలో "ఖాళీ" అని రాశాను. మా ఇంజనీరు గారు ఆ కాగితాల ప్రకారం చక్కటి డ్రాయింగు వేయించారు.

డ్రాయింగు తయారైన రోజున టీ కొట్టు బాబాయి గ్లాసు నా చేతికిస్తూ అడిగాడు. "అందర్నీ అడిగినట్టేనా అమ్మాయ్?"

"అడిగాను బాబాయ్."

"పొద్దున్నే వచ్చేవాళ్ళనో?"

"ఎవరు?"

ఆయన నవ్వాడు. "ఆరింటికి రా. నేను చెప్పేదేముంది, నువ్వే చూద్దువు."

మర్నాడు ఆరుకు ముందే వెళ్ళాను. ఖాళీ అని నేను రాసిన నేల నిండా ఆడవాళ్ళు. మిరపకోతకు వెళ్ళేవాళ్ళు. తలలకు తువ్వాళ్ళు, చీరల మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కాలు, కాళ్ళ దగ్గర అన్నం క్యారేజీలు. ఎక్కడ పడితే అక్కడ నిలబడలేదు. ఏ కూలి ముఠా చోటు ఆ ముఠాకు ఉంది. రైతు పంపిన ఆటో తిన్నగా తన ముఠా దగ్గరకే వచ్చి ఆగుతోంది.

దగ్గర్లో ఉన్న ముఠా మేస్త్రి నలభై ఏళ్ళు దాటిన మనిషి, మెడలో చిన్న శిలువ. పద్నాలుగు మందిని తోటలకు తీసుకెళ్తుంది. ఆమెకు నా చేతిలోని డ్రాయింగు చూపించాను. కాగితాన్ని ఇటూ అటూ తిప్పి, "ఈ పచ్చగా ఉండేదేంది?" అంది.

"గడ్డి అక్కా."

"గేదెలకా?"

"కాదు, చూడటానికి."

వెనకాల ఒకటే నవ్వు. ఆమె నవ్వలేదు. "మరి మేం యాడ నిలబడాలి పాపా? పోయినేడు ఈడ కాలవ తవ్వినప్పుడు హైవే అంచున నిలబడ్డాం. మా ముఠాలో పిల్లకి లారీ తగిలింది. కాలు ఇప్పటికీ సరిగా వంగదు. మళ్ళా ఆడికే పొమ్మంటారా?"

ఆఫీసుకు వెళ్ళి, ఇంజనీరు గారికి ఎదురుగా చెప్పే ధైర్యం లేక, ఫోన్లో పెద్ద మెసేజ్ పెట్టాను. సాయంత్రం పిలిపించారు. మంచి మనిషే. "బుధవారం ఆరింటికి నేనే వస్తానమ్మా. నువ్వు చెప్పినంత జనం ఉంటే మారుద్దాం. లేకపోతే ఆ రోజే డ్రాయింగు పైకి పంపేస్తా. ఇప్పటికే ఆలస్యమైంది" అన్నారు.

అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. కాగితం మీద ప్లాను వాళ్ళకు అర్థం కావడం లేదు కదా, నేల మీదే గీసి చూపిస్తే? ఏ గీత వాళ్ళ చోటును ఎక్కడ కోస్తుందో వాళ్ళూ చూస్తారు, ఇంజనీరు గారూ చూస్తారు. ఆయన సరేనన్నారు. మంగళవారం సాయంత్రం టేపు పట్టుకుని, బకెట్టెడు ముగ్గుపిండితో రైలింగు, గేటు, గడ్డి, ఫౌంటెన్ అన్నీ అసలు కొలతలకు పోశాను. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. గీతలే చెబుతాయిలే అనుకున్నాను.

బుధవారం మంచు దట్టంగా ఉంది. సెంటర్లో ఒక్క మనిషి లేదు. తెల్లటి గీతలు మాత్రం చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఆడవాళ్ళంతా హైవే అవతల, మార్జిన్ మీద ఒకే వరుసలో ఇరుక్కుని నిలబడ్డారు.

ఇంజనీరు గారు బైకు ఆపి, హెల్మెట్ తీసి చూశారు. "ఏమ్మా, ఎవరూ లేరే?"

"అవతల ఉన్నారు సార్."

"అవతల సరిపోతున్నట్టేగా మరి?"

ఆయన ఎగతాళిగా అనలేదు. అందుకే ఇంకా భయమేసింది. ఆయన చేతిలో ఫైలు ఉంది. రోడ్డు దాటాను. అంతమంది నన్నే చూస్తుంటే మనసులో చదువుకునే వ్యవధి కూడా దొరకలేదు.

"ఇక్కడెందుకు నిలబడ్డారక్కా?"

మేస్త్రి వింతగా చూసింది. "పునాదికి ముగ్గు పోశారు గదా. చర్చికి పోయేవాళ్ళమైనా ఆ మాత్రం తెలీదా? పోసిన ముగ్గు తొక్కుతారా ఎవరన్నా?"

"శంకుస్థాపన ఎన్నింటికి?" ఇంకొకామె అడిగింది. "పులిహోర పెడతారా లేదా ముందది చెప్పు."

"అది పునాదిది కాదు. నేనే పోశాను. మీకు చూపించడానికి."

"మరి నిన్న చెప్పొద్దూ?"

"చెప్పలేదు."

"నోరిప్పితే ముత్యాలు రాలిపోతాయా ఏంది!" అంది పులిహోర అడిగినామె. అందరూ నవ్వారు.

"అక్కా, ఆ సారు మిమ్మల్ని చూడ్డానికే వచ్చారు. రోజూ నిలబడ్డట్టు నిలబడండి. లేకపోతే ఆ రైలింగు వచ్చేస్తుంది."

మేస్త్రి ఒక్క క్షణం నా ముఖం చూసింది. "పోసినదానివి నువ్వే ముందు తొక్కు" అంది.

వెనక్కి వచ్చి గేటు గీత మీద కాలు పెట్టాను. నాకూ మనస్కరించలేదు. చెప్పు కింద పిండి చెదిరి తెల్లటి మరక అయింది. ఆమె క్యారేజీ తీసుకుని నా వెనకే వచ్చి, గడ్డి మధ్యలో దించింది. అది చూసి మిగతావాళ్ళు కదిలారు.

అయిదు నిమిషాల్లో సెంటరు నిండిపోయింది. ఇంజనీరు గారు ఫౌంటెన్ దగ్గర నిలబడి ఉన్నారు. "సార్, కాస్త జరగండి, అది మా ముఠా చోటు" అన్నదొకామె. ఆయన జరిగారు. "అయ్యా, ఇది మాది." మళ్ళీ జరిగారు. వెనక్కి వస్తున్న ఆటోవాడు హారన్ కొట్టాడు, ఇంకొంచెం జరిగారు. చివరికి రోడ్డు మీదికి చేరారు. పత్తి బేళ్ళ లారీ ఒకటి పెద్దగా హారన్ కొడుతూ చొక్కా అంచు రాసుకున్నంత దగ్గరగా వెళ్ళింది. ఆయన ఒక్క గెంతులో లోపలికి వచ్చేశారు.

"ఆడే నిలబడాల్సి వస్తది సార్ మాకు" అంది మేస్త్రి నెమ్మదిగా.

ఆయన ఫైలు చంకలో పెట్టుకుని అడిగారు. "మీకు ఎన్ని అడుగులు కావాలమ్మా?"

"అడుగులు నాకేం తెలుసు? ఆటో వచ్చి, తిరిగి, పోవాలి. అంతే." అప్పటికే ఆమె ఆటో వచ్చింది. "ఎండెక్కితే కాయ కోయలేం. రేపు కూడా ఈడే ఉంటాం, రండి."

మర్నాడు ఇద్దరం టేపుతో వెళ్ళాం.

కొత్త డ్రాయింగులో రైలింగు లేదు, గేటు లేదు. గడ్డి షాపుల వైపు సన్నటి పట్టీగా మిగిలింది. కూర్చోవడానికి పొడుగాటి అరుగు, ఒక కుళాయి చేరాయి. ఫౌంటెన్ పోయిందని షాపులవాళ్ళకు కోపం. వాళ్ళకు నచ్చజెప్పడానికి నేనింకా వెళ్ళలేదు, రేపు రేపని వాయిదా వేస్తున్నాను.

అనుమతి వచ్చాక ఒక పొద్దున ఆ కాగితం తీసుకెళ్ళి మేస్త్రికి చూపించాను. ఆటో ఎక్కబోతూ ఆగింది.

"మేం యాడున్నాం?"

వేలు పెట్టి చూపించాను. ఆమె తన బొటనవేలు అక్కడ ఆనించింది. చోటు మొత్తం వేలి కింద మునిగిపోయింది.

"ఇంత చిన్నదా?"

"కాగితం మీద అంతే అక్కా. నేల మీద నలభై అడుగులు."

"ఆటో తిరుగుద్దా?"

"తిరుగుతుంది. నేను నిలబడి చూశాను."

"సరే" అని, కాగితం నా చేతికిచ్చి, ముందున్నామెను కాస్త జరగమని ఆటో ఎక్కింది.