ముసలి ఇంజనుకి మందు పోయించి గుడివాడ వెళ్ళొచ్చాను

తెల్లారి అవనిగడ్డలో మొదటి బస్సెక్కాను. ఒళ్ళో గోనెసంచి, అందులో మా నీళ్ళ ఇంజనుకి డీజిలు అందించే పంపు. కాలువ నీళ్ళు ఇంకా మా వైపు రాలేదు. మురుగు కాలువలోంచి తోడితేనే నారుమడి బతకాలి. ఇంజనేమో ఆగిపోయింది. నారు కొసలు ఎర్రబడుతున్నాయి. ఆ సాయంత్రానికి తడి పెట్టకపోతే ఈ ఏడు నాట్లు లేవు.

"ఆడవాళ్ళకి ఫ్రీ అండీ. సంచిలో ఏంటి?" అన్నాడు కండక్టరు.

"ఇంజను పంపు బాబూ."

"ఆడదా, మగదా? మగదైతే టికెట్టు కొట్టాలి."

"పని మానేసి మూల కూర్చుంది. మగదే అయ్యుంటుంది."

బస్సంతా నవ్వింది. టికెట్టు మాత్రం కొట్టలేదు.

చల్లపల్లిలో బస్సు ఆగితే రెండిడ్లీ తిన్నాను. ఎండ ఎక్కేసరికి బందరు చేరాను. అక్కడి షాపులో పంపు తిప్పి చూసి, "పట్టేసిందండీ. దీన్ని సరిచేసే మిషను మా దగ్గర లేదు, గుడివాడ పట్టుకెళ్ళండి" అన్నారు. మళ్ళీ బస్సు. పెడనలో కలంకారీ గుడ్డల మూటతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది.

"అక్కా, మీ సంచి కారుతోంది. నా గుడ్డలకి అంటిందంటే మా షావుకారు నన్ను అద్దేస్తాడు!"

సంచిని నా చీర మీదకి లాక్కున్నాను. గుడివాడలో దిగేసరికి నా మీద కూడా అద్దకం పూర్తయింది.

అక్కడ పంపులు బాగుచేసే షాపులో మేస్త్రీ పంపు విప్పి వాసన చూశాడు. "దీనికేం పోశారండీ?"

"ఊళ్ళోకి ఒకడు బండి మీద బయోడీజిలని తెచ్చాడయ్యా. 'ఇందులో మందు కూడా కలిపాం' అన్నాడు. మా ఇంజను ముసలిది కదాని, ఇంకాస్త కలిపి పొయ్యమన్నాను."

మేస్త్రీ పానా కింద పెట్టాడు. "ఏ మందనుకున్నారు?"

"బలానికి. చేలో మందెయ్యమూ?"

"స్పిరిటండీ అది! తాగే మందుకి పెద్దన్న!"

డీజిలుకి జిడ్డుంటుందట, పంపు లోపలి ఇనుముకి ఆ జిడ్డే నూనె. స్పిరిటుకి జిడ్డు లేదు. ఇనుమూ ఇనుమూ రాసుకుని గీతలు పడి పట్టేసింది. వంటనూనెతో చేసే ఆ బయోడీజిలేమో టాంకులో ఏళ్ళనాటి మడ్డినంతా కడిగి ఫిల్టరులో కుక్కింది, పాత రబ్బరు గొట్టాన్ని ఉబ్బించింది.

"కొద్దిగా కలిస్తే తట్టుకునేదేమో. మీరు బతిమాలి మరీ పోయించారు" అన్నాడు.

మా ఆయన ఉన్న రోజుల్లో తాగొస్తే గుమ్మంలోనే ఆపేసేదాన్ని. ఇంజనుకి నేనే దగ్గరుండి పట్టించాను.

నేను మెస్సులో భోంచేసి వచ్చేలోపు పంపులో కొత్త సామాను వేశాడు. "టాంకు కడగండి. గొట్టం, ఫిల్టరు మార్చండి. లేకపోతే మళ్ళీ నా దగ్గరికే" అని, "ఇంతకీ పామర్రు మీదుగా చల్లపల్లి వెళ్ళిపోవచ్చుగా, బందరు చుట్టూ తిరిగారేం?" అన్నాడు.

"ఊళ్ళు చూద్దామని" అన్నాను.

నా వెనక వెళ్ళేవాళ్ళు పామర్రు దారినే వెళ్ళండి. పోసిన నూనె ఒక సీసాడు పట్టుకెళ్ళండి, వాసన చూసి కనిపెట్టే మేస్త్రీ అన్నిచోట్లా దొరకడు. తిరుగు బస్సులో కిటికీలోంచి ఎవరి నారుమడి చూసినా పచ్చగా ఉంది. పామర్రు దాటాక ఇక చూడలేక సంచి వైపు తిరిగి కూర్చున్నాను.

గుడివాడలో బస్సెక్కేముందే తోడికోడలికి ఫోన్ చేసి చెప్పాను. నేను చేరేసరికి టాంకు కడిగించి, గొట్టమూ ఫిల్టరూ తెప్పించి ఉంచింది. పంపు బిగించి, మామూలు డీజిలు పోసి తిప్పాం. ముందు పొగ వచ్చింది, వెనకాల నీళ్ళు. గట్టు వార నారు దక్కలేదు. నడిమడి లేచింది. రెండెకరాలకి పోసిన నారు ఎకరన్నరకి సరిపోయింది. మిగతా అరెకరంలో ఏం నాటావని అడిగితే, నా తెలివి నాటానని చెబుతున్నాను.