నాడెలో నిలబెట్టిన ఫోను

గత మంగళవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. మేముండే భివండిలోని బంధువులకు గంటలోపే తెలిసింది. ఊళ్లో వాళ్లకు మా అన్న ఫోన్లు చేశాడు. ఒక్క మనిషికి మాత్రం నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె మేనత్తకు చెల్లెలు, నాకు చిన్నత్త. కరీంనగర్ వైపున్న మా ఊళ్లోనే ఉంటుంది. పుట్టు చెవుడు, మాట రాదు, బడికి పోలేదు. ఆమెకు ఏం చెప్పినా ముఖం చూపించి చేతులతో చెప్పాలి. అత్త ఫోనే తీసి, రోజూ పెట్టే చోట నిలబెట్టాను. చిన్నత్త కనబడగానే బొటనవేలు, చూపుడువేలు కలిపి ముడి వేస్తున్నట్టు నలిపాను. అది అత్త పేరు. తర్వాత అరచేతులు రెండూ తెరిచి ఒళ్లోకి వదిలేశాను. చిన్నత్త నమ్మలేక మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. అంత కష్టమైన మాట నేను ఇంకొకటి ఎరగను.

ఆ పేరు చిన్నత్త పెట్టిందే. అత్త చేసిన పని అచ్చులతకడం. మేము సాంచె అనే మరమగ్గం మీద బీము అనే పెద్ద రోలరుకు చుట్టిన నూలు అయిపోతే, అచ్చు అనే దువ్వెనలాంటి చట్రంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త బీము పోగుల్ని ఒక్కొక్కటిగా ముడివేస్తారు. అప్పుడే కొత్త నూలు అచ్చులోంచి ఇవతలికి వస్తుంది. అత్త సాంచె వెనక పీట వేసుకుని, వేళ్లకు బూడిద అద్దుకుని ఆ ముడులు వేస్తుంటే మన చూపు ఆనేది కాదు. చిన్నత్త అందరికీ ఇలాంటి పేర్లు పెట్టింది. మా నాన్నకు మీసం. నాకు కళ్లద్దాలు. వేళ్లు సున్నాల్లా చుట్టి కళ్ల దగ్గర పెడితే అది నేను.

శాంతినగర్‌లో మా ఇల్లు, అత్త ఇల్లు ఒకే గోడకు ఇటూ అటూ. ఆ చుట్టుపక్కల సాంచెల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. కార్ఖానాల్లో సగం పని సైగలతోనే నడుస్తుంది. అందులో అత్తను మించినవాళ్లు లేరు. "మాకు మా చెల్లె చిన్నప్పుడే నేర్పింది. చెవులున్నోళ్లు మీరు ఇప్పుడు నేర్చుకుంటున్నరు," అని అందరినీ వెక్కిరించేది. నాకు సైగలు నేర్పిందీ ఆమే. తప్పు చేస్తే చేతి మీద ఒకటి తగిలించేది. నా చేతులు నత్తిగా మాట్లాడుతున్నాయట.

అత్త ఫోను చిన్నది, పాతది. దాన్ని నిలబెట్టడానికి ఒక పాత నాడెను వాడేది. నాడె అంటే సాంచెలో అటూ ఇటూ పరిగెత్తే చెక్క. నూలు చుట్టిన కండె పెట్టే గుంటలో ఫోను అడ్డంగా దించి, పక్కన గుడ్డ పీలిక కుక్కితే కదలకుండా నిలబడేది. చేతులు రెండూ ఖాళీగా ఉంటేనే కదా వాళ్లకు మాట! సాయంత్రం నాలుగింటికి సాసర్లో చాయ్ పోసుకుని కూర్చునేది. చిన్నత్త అక్కడ ఏం కూర వండింది, మేక ఎక్కడ పడి వచ్చింది, వదినె ఎలా మూతి తిప్పింది, అన్నీ చేతుల్లో దొర్లిపోయేవి. ముడులు వేసి వేసి అత్త వేలికొసలు అరిగిపోయాయి, తెర వాటిని పట్టేది కాదు. అందుకని వేలి కణుపుతో టక్కున కొట్టేది, తలుపు తట్టినట్టు.

ఒకరోజు వాళ్లు మాట్లాడుకునే వీడియో కాల్ యాప్ తెరుచుకోలేదు. ఈ ఫోన్లో ఇక నడవదని రాసి చూపించింది. ఫోను కంపెనీ ఆ మోడల్‌ను పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. మీకూ నాకూ అయితే మామూలు కాల్ చేసుకుంటే సరిపోతుంది. వాళ్లిద్దరికీ అంతటితో మాట పడిపోయినట్టే. గోదాములో పని ముగించుకొచ్చి నా ఫోనులో కలిపేదాన్ని. కానీ చిన్నత్తకు తెలిసింది ఒక్కటే, అక్క బొమ్మ మీద నొక్కడం. పగలంతా నొక్కుతూ కూర్చునేదట. అన్నం సరిగా తినడం లేదని ఊరి నుంచి కబురొచ్చింది. అత్త పోయి చూసి వద్దామంటే అప్పటికే దమ్ము. కార్ఖానా దూది ఊపిరితిత్తుల్లో చేరి, మెట్లు దిగితేనే ఆయాసపడేది.

ధామన్‌కర్ నాకాలో ఫోను దుకాణానికి ఆటోలో తీసుకుపోయాను. అతను ఫోను తిప్పి చూసి, "మౌసీ, యే తో భంగార్ హై. నయా లేలో," అన్నాడు. ఇది తుక్కు, కొత్తది కొనుక్కోమని. అంతే, అత్త ముఖం ఎర్రబడింది. నేను కొత్తది కొనిస్తానన్నాను. ఫోను కొంగున చుట్టుకుని ఆటో వైపు నడిచింది. ఎక్కాక అంది: "మీ మామ సాంచెలు గట్లనే పోయినయి. పొద్దుగాల దాక నడిచినయి, మాపటికి కోసి టెంపోల ఏస్కొని పోయిండ్రు. నడిచేదాన్ని భంగార్ అంటే నాకు కడుపుల మండుతది కోడలా. దీని పానం మంచిగనే ఉన్నది. తెలివే పాతదైంది. తెలివి మార్చరా ఎవ్వరు?"

ఎవరో మారుస్తారని నాకు లీలగా తెలుసు. కంపెనీ వదిలేసిన ఫోన్లలో వేయడానికి కొందరు కలిసి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసి ఊరికే ఇస్తారు. శుక్రవారం సాంచెలు బంద్, నాకూ సెలవు. ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని హిందీ వీడియోలు చూశాం. ప్రతి మాటకూ "దోస్తోం" అనే ఒక కుర్రవాడు అత్తకు బాగా నచ్చాడు. "ఆ దోస్తోం పోరన్ని పెట్టు, నిమ్మళంగ చెప్తడు," అనేది. మా మోడల్‌కు రెండు రకాలు దొరికాయి. ఒకటి రంగులు, హంగులు, కదిలే బొమ్మలతో తళతళలాడేది. ఎవరో ఒక్కడే చేసి పెట్టి మాయమయ్యాడు. ఇంకొకటి సాదా సీదాది. పదిమంది కలిసి చూసుకుంటున్నారు, నెలనెలా సరిచేస్తున్నారు. నా చేయి మెరిసేదాని మీదికే పోయింది.

"ఆగు. సోకులు సూసి సాంచె కొంటరా? చెడిపోతే వచ్చి సూసేటోడు ఉన్నడా లేడా, గది సూడు," అంది అత్త. సాదాదే తీసుకున్నాం. మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం తేడా ఉన్నా పనికిరాదని దోస్తోం కుర్రవాడు చెబితే అత్త తలూపింది. ఒక కౌంటు నూలుకు ఇంకో కౌంటు, అంటే లావు వేరే ఉన్న నూలు, అతికితే నిలుస్తుందా మరి!

ఫోటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. మా అదృష్టం కొద్దీ ఆ మోడల్‌కు వేరే సిస్టమ్ ఎక్కించకుండా అడ్డుకునే కంపెనీ తాళం లేదు. అంతా సవ్యంగా సాగి, పాతదంతా తుడిచేయాలన్న చోటికి వచ్చేసరికి అత్త నా చేయి పట్టుకుంది.

"మొత్తం తుడుస్తవా? పాగల్ అయినవా? పాత పోగు జానెడన్న ఉంచాలె. అంతా కోసేస్తే కొత్తది దేనికి అతుకుతవు?"

"ఇందులో అతుకు ఉండదు అత్తా."

"అతుకు లేని పని ఉంటదా యాడన్న? నా మాటిను."

ఆమె మాట అంత గట్టిగా ఉండేది. పైగా ఆ క్షణాన నాకూ అది న్యాయంగానే తోచింది. తుడవకుండా పాతదాని మీదే కొత్తది ఎక్కించాం. ఫోను వెలిగింది. తెర మీద ఒక సున్నా తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. అన్నాలు తిని వచ్చాం, తిరుగుతూనే ఉంది. చాయ్ తాగాం, అదే సున్నా, అదే తిరుగుడు. నాలుగయింది. ఊళ్లో చిన్నత్త బొమ్మ మీద నొక్కుతూ ఉంటుందని ఇద్దరికీ తెలుసు, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

"కండెల నూలు ఒడిసినంక గూడ సాంచె ఊకెనే కొట్టుకుంటది. గుడ్డ పడది," అంది అత్త చివరికి. తన అరిగిన వేళ్లు చూసుకుంది. "నూలుకొక నియమం, దీనికొక నియమం ఉన్నట్టున్నది. తుడిచెయ్యి. ఆగు, నేనే తుడుస్త."

అన్నీ పోతాయి, ఒప్పుకుంటే ఇంగ్లీషులో మూడక్షరాలు కొట్టమని ఫోను అడిగింది. ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చూపించాను. అత్త కణుపుతో కొట్టింది. మూడో అక్షరం ముందు, ఫోటోలు ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి కదా అని మళ్లీ అడిగింది. ఉన్నాయన్నాకే కొట్టింది. నాకు ఆమె మీద చెప్పలేనంత జాలి వేసింది. ఇన్నేళ్లుగా నమ్మిన నియమాన్ని చెల్లెలి కోసం తన చేత్తోనే పక్కన పెట్టింది పాపం.

మళ్లీ ఎక్కించాం. సున్నా కొద్దిసేపు తిరిగి ఆగిపోయింది. "కొత్త బీము లెక్క సాఫ్‌గ ఉన్నది," అని మురిసిపోయింది. బ్యాంకు యాప్ నడవడానికి మొరాయిస్తుందని చెబితే "నాకెందుకు బ్యాంకు?" అంది. వీడియో యాప్ వేసి, నాడెలో నిలబెట్టి, చిన్నత్తకు కలిపాను. చిన్నత్త కనబడీ కనబడగానే నుదురు కొట్టుకుంది. వేళ్లు ముడివేసి, అరచేతులు తెరిచి ఒళ్లోకి వదిలింది. "సూసినవా, నేను సచ్చిపోయిన అనుకున్నదట!" అని అత్త నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. అదే సైగ మొన్న మంగళవారం నేను చేశాను.

ఆ శుక్రవారం నుంచి అత్తకు ఒక మాట అలవాటైంది. ఏ చిక్కు వచ్చినా "ఇది అతికే పనా, తుడిచే పనా? ముందుగాల గది తేల్చుకో," అనేది. మా అన్నా వదినె పోట్లాడుకుని వదినె పుట్టింటికి పోతానంటే కూడా గుమ్మంలో నిలబడి ఇదే అడిగింది. వదినె సంచీ కింద పెట్టింది. ఆ ఫోను అత్త చివరిదాకా నడిచింది. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టుకుని కూడా నాలుగింటికి నాడె ముందుకు జరిగి కూర్చునేది. మాట్లాడితే ఆయాసం వచ్చేది కాబట్టి ఆఖరి రోజుల్లో మాతో కూడా చేతులతోనే మాట్లాడింది. అప్పటికి నా చేతులకు నత్తి లేదు.

నిన్న మా అన్న, "ఇగ ఆ ఫోన్ బంద్ చేద్దాం చెల్లె. చిన్నత్త సూసినప్పుడల్లా ఏడుస్తది," అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. అతికే పనా, తుడిచే పనా? ఎంతకీ తేల్చుకోలేకపోయాను. ఇంతలో నాలుగయింది. ఫోను వెలిగింది.

నాడెలో నిలబెట్టి కూర్చున్నాను. చిన్నత్త ఏడవలేదు. నన్నే చూస్తూ వేళ్లతో ముడి వేసింది. అత్త గురించి మళ్లీ అడుగుతోందనుకుని అరచేతులు తెరవబోయాను. కాదన్నట్టు తల గట్టిగా అడ్డంగా ఊపింది. నా వైపు వేలు చూపించి, మళ్లీ ముడి వేసింది. నేను కళ్ల దగ్గర సున్నాలు చుట్టి చూపించాను. అది నా పేరు కదా. చేయి విసిరి దాన్ని కొట్టేసింది. నా వైపు చూపించి ముడి వేసి, జవాబు కోసం ఆగింది.

బయట కార్ఖానాల్లో సాంచెలు కొట్టుకుంటున్నాయి. నేను బొటనవేలు, చూపుడువేలు కలిపి మెల్లగా నలిపి, నన్నే చూపించుకున్నాను. చిన్నత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, రోజూ అక్కను అడిగినట్టే, ఈ పూట ఏం కూర అని అడిగింది.