బావ బండికి పరాయి పేరు

మొన్న మా మనవరాలు పాత మోటారు బండ్ల ప్రదర్శనలో తీసిన ఫొటోలు ఫోనులో ఒక్కొక్కటే చూపిస్తూంటే, ఒక చిన్న వ్యాను దగ్గర నా చూపు ఆగిపోయింది. దాని ముందు తళతళలాడుతున్న కంపెనీ పేరు పిల్ల చదివి వినిపించింది గాని, ఆ బండిని ఏ కంపెనీ పేరూ లేని రోజుల్లో, రాయగడలో, మా బావ చేతుల్లో చూసినవాణ్ణి నేను.

మా బావ, అంటే అక్క భర్త, అక్కడి లారీల షెడ్డులో మేస్త్రీ. అక్క అప్పటికింకా అత్తవారి ఊరు నారాయణపట్నలోనే ఉండేది. తొలి కాన్పు కష్టమై, ఆమెను నులక మంచంతో సహా ఎడ్లబండికెక్కించి రాయగడ ఆస్పత్రికి తెస్తూంటే, వానకు తెగిపోయిన దారిలోనే పగలంతా గడిచిపోయి, అక్క దక్కింది గాని బిడ్డ దక్కలేదు.

ఆ ఏడే బావ బండి పని మొదలుపెట్టాడు. మిలటరీవాళ్లు వదిలించుకున్న జీపు ఇంజనూ, పాత లారీల ఇనుమూ పోగుచేసి, కొండలెక్కే ఇరుకు ఘాటీ దారుల్లో మలుపు తిరగగలిగి, వెనక తలుపు తీస్తే మంచం మంచంలాగే లోపలికి పట్టే చిన్న బండి కట్టడానికి ఆయనకు మూడేళ్లు పట్టింది. నేను కొరాపుట్‌లో రోడ్ల ఆఫీసులో కొత్తగా డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరినవాణ్ణి కనుక, ఆదివారాలు బస్సెక్కి వెళ్లి, ప్రతి భాగమూ కొలిచి డ్రాయింగులు గీసేవాణ్ణి.

బండి పూర్తయ్యాక బావ దాన్ని కకిరిగుమ్మ మీదుగా ఘాటీలు ఎక్కించి కొరాపుట్ తెచ్చాడు. మూగిన జనంలో పై ఊరి నుంచి వచ్చిన ఒక మోటారు కంపెనీ ఇంజనీరు కూడా ఉన్నాడు. బావ తిరిగి వెళ్లిన మర్నాడు ఆయన నా గదికి వచ్చి, డ్రాయింగులు తిరగేసి, ఇంత చక్కని చేతిపని తమ కంపెనీలో కూడా లేదని మెచ్చుకుని, రెండు రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు. ఇరవై రెండేళ్లవాణ్ణి, ఆ మెప్పుకే కరిగిపోయి, బావను ఒక్క మాట అడగకుండా కాగితాల కట్టంతా ఆయన చేతిలో పెట్టేశాను. ఆ కంపెనీకి నేను రాసిన మొదటి ఉత్తరానికి జవాబు లేదు. రెండోదానికి, అటువంటి కాగితాలేవీ తమకు అందలేదని వచ్చింది. బావ అడిగితే గదిలో దొంగలు పడ్డారని చెప్పాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, "పోన్లేరా, బండుంది కదా" అన్నాడు.

రెండేళ్లకు ఆ కంపెనీ పేరుతో ఒక వ్యాను మరమ్మతుకు షెడ్డుకే వచ్చింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. బావ దాని కిందికి దూరి చాలాసేపు ఉండి, బయటికొచ్చి, వెనక తలుపును జానలతో కొలిచాడు.

"అంతా మనదేరా. ఒక్కటే మార్చేడు. తలుపు ఇరుగ్గా సేసేడు. ఇంక మంచం పట్టదు."

"దొంగలు పడలేదు బావా. నేనే ఇచ్చేను."

"నాకు తెల్దేటి?" అన్నాడు బావ, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "నన్నడిగుంటే నేనూ ఇద్దును. ఆ తలుపు అంతెడల్పు ఎందుకో సెప్పి మరీ ఇద్దును."

బావకు అన్నం కేరేజీ తెచ్చిన అక్క పక్కనే నిలబడి ఉంది. ఆ తలుపు వంకే చూస్తూ ఉండిపోయింది.

ఇంజను పూర్తిగా మూలబడేదాకా బావ తన బండిని చుట్టుపక్కల ఊళ్లకు తిప్పి, ఎందరు ఆడవాళ్లనో ఆస్పత్రికి చేర్చాడు. ఇప్పుడా కొండల్లో రోడ్లు వెడల్పయ్యాయి, ఫోను చేస్తే చాలు ఇంటి ముందుకే బండి వస్తుంది. దారిలో బిడ్డను పోగొట్టుకోవడం ఏమిటని మనవరాలు ఆశ్చర్యపోతే నాకు సంతోషంగానే ఉంటుంది. బావ పోయి చాలాకాలమైంది. ఆయన నాతో ఒక్కనాడూ పరుషంగా మాట్లాడలేదు, పండక్కీ పబ్బానికీ పిలవడం మానలేదు. ఆ తర్వాత కూడా ఎన్నో కొత్త పనిముట్లు కట్టాడు గాని, నాచేత మళ్లీ ఒక్క గీత గీయించుకోలేదు.